ఆల్బమ్ చీకటిగా వస్తోందా? కొత్త మానిటర్ కొనే ముందు ఇవి చూసుకో

"అన్నగారూ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. చిన్న స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఆల్బమ్‌లు నేనే డిజైన్ చేసి ల్యాబ్‌కి పంపుతాను. నా సిస్టమ్‌లో బ్రహ్మాండంగా కనిపించిన ఫోటోలు ప్రింటులో చీకటిగా వస్తున్నాయి. మొన్న ఒక పెళ్లికూతురి కనకాంబరం రంగు పట్టుచీర ఆల్బమ్‌లో ఇటుక రంగులోకి దిగిపోయింది, వాళ్లు మిగతా డబ్బులు ఆపేశారు. ల్యాబ్ వాళ్లేమో మీ మానిటర్‌కి క్యాలిబ్రేషన్ లేదంటున్నారు. మానిటర్ సెట్టింగుల్లోకి వెళ్లి రంగులు అటూ ఇటూ తిప్పి చూశాను, ఇంకా పాడైంది. గదికి ఒక పక్క పెద్ద కిటికీ ఉంది, బయటంతా కొబ్బరితోట, గోడలకి లేత ఆకుపచ్చ రంగు వేయించాను. నలభై వేలు పెట్టి కొత్త మానిటర్ కొనమంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదండి."

తమ్ముడూ, ముందు ఆ నలభై వేలు జేబులోనే ఉంచు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే నీకు రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఫోటోలు చీకటిగా రావడం ఒకటి, చీర రంగు మారిపోవడం ఇంకొకటి. రెండింటికీ ఒకే కారణం అనుకుని వెతుకుతున్నావు కాబట్టే దొరకట్లేదు. మొదటిది దాదాపుగా మానిటర్ వెలుగు వల్ల. రెండోది మానిటర్‌కి సంబంధం లేకుండా ఫైల్లోనే జరిగి ఉండొచ్చు, అలాంటప్పుడు లక్ష రూపాయల మానిటర్ తెచ్చిపెట్టినా ఆ చీర ఇటుక రంగులోనే ప్రింటవుతుంది.

చీకటి సంగతి ముందు చూద్దాం. మానిటర్ డబ్బాలోంచి తీసి పెట్టినప్పుడు దాని వెలుగు మామూలుగా 250 నుంచి 350 నిట్స్ దాకా ఉంటుంది, అంటే చదరపు మీటరుకు అన్ని క్యాండెలాలు. షాపులో పక్కనున్న దానికంటే మెరుస్తూ కనబడాలని కంపెనీ వాళ్లు అలా పెట్టి పంపిస్తారు. సినిమా చూడ్డానికి బాగానే ఉంటుంది. ప్రింటు కోసం ఎడిట్ చేసేవాళ్లు మాత్రం 80 నుంచి 120 నిట్స్ మధ్యలో పెట్టుకుంటారు, అంటే నీ స్క్రీన్ కావలసినదానికి మూడింతలు వెలుగుతూ ఉండొచ్చు. కాగితానికి సొంత వెలుగు ఉండదు కదా, గదిలో ఎంత వెలుతురు పడితే అందులో కొంత తిరిగి మన కంటికి పంపుతుంది. మెరిసే స్క్రీన్ మీద ముఖం వెలుగుగా కనిపిస్తుంటే నువ్వు ఎక్స్‌పోజర్ పెంచవు, ఇంకా మాట్లాడితే హైలైట్లు కొంచెం తగ్గిస్తావు కూడా. ఫైల్లో మాత్రం ఆ ముఖం నిజంగానే చీకటిగా ఉంది, స్క్రీన్ దాన్ని వెలిగించి చూపించింది. ల్యాబ్ ఉన్నది ఉన్నట్టు ప్రింటు కొట్టింది.

ఇది నిజమో కాదో ఇవాళే పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. రోజూ పని చేసే టైములో, రోజూ ఉండే లైటులో, స్క్రీన్ నిండా తెల్లటి పేజీ తెరువు. మామూలు తెల్ల ఏ4 కాగితం ఒకటి తీసుకుని స్క్రీన్ అంచుకి ఆనించి పట్టుకుని రెండింటినీ కలిపి చూడు. కాగితం బూడిద రంగులో, స్క్రీన్ దీపంలా కనిపిస్తే వెలుగు ఎక్కువున్నట్టే. మానిటర్ బటన్లతో బ్రైట్‌నెస్ మాత్రమే తగ్గించుకుంటూ రా, స్క్రీన్ తెలుపు కాగితం తెలుపు ఒకే మాదిరిగా అనిపించేదాకా. కాంట్రాస్ట్ జోలికి వెళ్లకు. బ్రైట్‌నెస్ అంకె ఇరవైకో ముప్పైకో దిగిపోతే కంగారు పడకు, చాలా మానిటర్లలో అంతే. ఆ తర్వాత చీకటిగా వచ్చిన ఆల్బమ్ తాలూకు ఫైలు ఒకటి తెరిచి, ప్రింటు చేతిలో పట్టుకుని చూడు. స్క్రీన్ మీద కూడా అంతే చీకటిగా కనిపించిందంటే దోషం ఎక్కడుందో తెలిసిపోయినట్టే. మొదట్లో రెండు మూడు రోజులు స్క్రీన్ నీరసంగా ఉన్నట్టు అనిపిస్తుంది, మళ్లీ పెంచాలనిపిస్తుంది. పెంచకు. కన్ను అలవాటు పడుతుంది.

ఈ కన్ను అలవాటు పడే గుణం వల్లే నువ్వు సెట్టింగుల్లో రంగులు తిప్పితే ఇంకా పాడైంది. ట్యూబ్‌లైటు కింద ఉన్నా, ఎండలో ఉన్నా, పసుపు బల్బు కింద ఉన్నా తెల్ల కాగితం మనకి తెల్లగానే కనిపిస్తుంది, కన్నూ మెదడూ కలిసి సర్దేస్తాయి. నీలం ఎక్కువున్న స్క్రీన్ ముందు అరగంట కూర్చుంటే అదే అసలు తెలుపు అనిపిస్తుంది. కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం బార్లు కంటితో చూసి సరిచేయడం ఎంత అనుభవం ఉన్నవాడికైనా కుదిరే పని కాదు. మానిటర్ మెనూలో ఫ్యాక్టరీ రీసెట్ అని ఉంటుంది, అది కొట్టి నువ్వు తిప్పినవన్నీ పోగొట్టు. తర్వాత పిక్చర్ మోడ్‌ని వివిడ్, సినిమా, గేమ్ లాంటివాటిలో లేకుండా కస్టమ్ లేదా యూజర్‌లో పెట్టు. కలర్ టెంపరేచర్ 6500 అని ఉంటే అది ఎంచుకో. డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, ఆటో బ్రైట్‌నెస్ అన్నీ ఆపెయ్యి, ఎందుకంటే ఇవి ఫోటోని బట్టో గదిలో వెలుతురుని బట్టో వెలుగుని వాటంతట అవే మార్చేస్తాయి. విండోస్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ కూడా ఆపు. గ్రాఫిక్స్ కార్డు ప్యానెల్లో ఎవరైనా సాచురేషన్ పెంచి ఉంటే దాన్నీ డిఫాల్ట్‌కి తీసుకురా. నైట్ లైట్ సాయంత్రం అవగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టి మర్చిపోయి, పొద్దున చేసిన షీట్లకీ రాత్రి చేసిన షీట్లకీ తేడా ఎందుకొచ్చిందా అని తల పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు నీ గది. నా ఉద్దేశంలో మానిటర్ కంటే ముందు మార్చాల్సింది ఇదే. కొబ్బరితోట మీదుగా లోపలికొచ్చే వెలుతురు తెల్లగా ఉండదు, ఆకుల మీద పడి వచ్చేసరికి దానికి పచ్చదనం అంటుతుంది. మన కోనసీమలో ఏ కిటికీ తీసినా ఇదే పరిస్థితి, నాట్లయ్యాక చేలవైపు కిటికీ ఉన్నవాళ్లకీ అంతే. దానికి తోడు నీ గోడలు కూడా ఆకుపచ్చ. అలాంటి గదిలో కూర్చుంటే కన్ను ఆ పచ్చదనాన్నే తటస్థం అనుకుంటుంది, అప్పుడు స్క్రీన్ మీదున్న అచ్చమైన బూడిద రంగు కొంచెం గులాబీ కొట్టినట్టు అనిపిస్తుంది, నువ్వు దాన్ని సరిచేద్దామని పచ్చ కలుపుతావు. పైగా పదకొండింటికి ఒక వెలుతురు, నాలుగింటికి ఒక వెలుతురు, మబ్బు పడితే ఇంకొకటి. కిటికీకి మందపాటి కర్టెన్ వేయించు, నలుపైనా బూడిద రంగైనా సరే. గోడలన్నీ కాకపోయినా మానిటర్ వెనక గోడ, నీ వీపు వెనక గోడ, ఈ రెండూ మెరుపు లేని బూడిద రంగుకి మార్పించు. షాపులో గ్రే అని అడిగితే చాలాసార్లు నీలం కలిసిన గ్రే ఇస్తారు, తెలుపులో నలుపు మాత్రమే కలిపింది కావాలని అడుగు. లైటు స్క్రీన్ మీద పడకుండా మానిటర్ వెనకో పక్కనో పెట్టు, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన, 5000 కెల్విన్ అని రాసి ఉన్న ఎల్‌ఈడీ బల్బు దొరికితే మంచిది. ఎర్రచొక్కా, నారింజ చొక్కా వేసుకుని ఎడిటింగుకి కూర్చోకు, ఆ రంగు స్క్రీన్ మీద ప్రతిఫలిస్తుంది. డెస్క్‌టాప్ మీద రంగురంగుల వాల్‌పేపర్ తీసేసి బూడిద రంగు పెట్టు. దేవుడి పటం ఉంటే దాన్ని గోడకి పెట్టుకోవచ్చు.

ఇంతవరకూ చేస్తే సగం పైన బాగుపడుతుంది. మిగతాది కొలిచే పరికరంతోనే. దాన్ని కలరీమీటర్ అంటారు, అరచేతిలో పట్టేంత ఉంటుంది, యూఎస్‌బీకి తగిలించి స్క్రీన్ మీద వేలాడదీస్తాం. డేటాకలర్ వాళ్ల స్పైడర్, ఇదివరకు ఎక్స్‌రైట్ పేరుతో వచ్చి ఇప్పుడు క్యాలిబ్రైట్ పేరుతో వస్తున్నవి, ఇవి రెండూ ఎక్కువ వాడకంలో ఉన్నవి. నువ్వు మానిటర్‌కి అనుకున్న డబ్బులో కొంత పెడితే దీని బేసిక్ మోడల్ వస్తుంది. నన్నడిగితే ఐదు వందలకీ వెయ్యికీ రీటచింగ్ ప్లగిన్లు కొనడం మానేసి దీనికి దాచుకోవాలి.

వాడే పద్ధతి చెప్తాను. మానిటర్ ఆన్ చేసి కనీసం అరగంట వేడెక్కనివ్వు. స్క్రీన్‌ని కాస్త వెనక్కి వంచు, మీటర్ దాని బరువుకి అదే స్క్రీన్‌కి ఆనుకుంటుంది, సందులోంచి బయటి వెలుతురు దూరకూడదు. సాఫ్ట్‌వేర్ లక్ష్యాలు అడుగుతుంది. వైట్ పాయింట్ డీ65 (ఇందాక చెప్పిన 6500 తెలుపే), గామా 2.2 (నలుపు నుంచి తెలుపు దాకా మధ్య వెలుగులు ఎలా పెరగాలో చెప్పే అంకె), వెలుగు 100 నిట్స్. గదిలో వెలుతురు కొంచెం ఎక్కువుంటే 120 పెట్టుకో. ముందు బ్రైట్‌నెస్ సరిచేయమంటుంది, మీటర్ చూపించే అంకె లక్ష్యానికి చేరేదాకా బటన్లు నొక్కుతావు. తర్వాత అదే రకరకాల రంగులు స్క్రీన్ మీద వేసి ఒక్కోటీ కొలుచుకుంటూ పోతుంది, నువ్వు ముట్టుకోకూడదు. చివర్లో ఒక ఐసీసీ ప్రొఫైల్, అంటే నీ మానిటర్ రంగుల కొలతలు రాసిన చిన్న ఫైలు, తయారవుతుంది.

ఇక్కడ జరిగేవి రెండు పనులని తెలుసుకో, ల్యాబ్ వాళ్లు కూడా రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు. తెలుపుని, వెలుగుని, గామాని లక్ష్యానికి తీసుకురావడం క్యాలిబ్రేషన్. అలా తీసుకొచ్చాక కూడా ఈ మానిటర్ ఏ అంకెకి ఏ రంగు చూపిస్తోందో కొలిచి రాసిపెట్టుకోవడం ప్రొఫైలింగ్. ఫోటోషాప్ ఆ రాతని చదివి, నీ మానిటర్ ఎరుపుని ఎంత ఎక్కువ చూపిస్తుందో చూసుకుని అంత సర్ది పంపిస్తుంది. అందుకనే ఎవరో స్నేహితుడు పెన్ డ్రైవ్‌లో ఇచ్చిన ప్రొఫైల్ నీ సిస్టమ్‌లో వేసుకుంటే లాభం లేదు. అదే కంపెనీ, అదే మోడల్ అయినా సరే, ఆ రాత అతని ప్యానెల్ గురించి, అతని సెట్టింగుల గురించి. మన దగ్గర ఇది ఎంత మామూలుగా జరుగుతోందో చూస్తే బాధేస్తుంది. క్యాలిబ్రేషన్ అయ్యాక బ్రైట్‌నెస్ బటన్ ముట్టుకున్నా ఆ ప్రొఫైల్ చెల్లదు, ఇంట్లో పిల్లలు ఆ సిస్టమ్‌లో సినిమా చూస్తామన్నా సెట్టింగులు మార్చొద్దని గట్టిగా చెప్పు. నెలకోసారి మళ్లీ కొలువు. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు, విండోస్ మళ్లీ వేసినప్పుడు, కలర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి నీ ప్రొఫైలే డిఫాల్ట్‌గా ఉందో లేదో చూసుకో.

మీటర్ ఒక్కడివే కొనలేకపోతే నలుగురైదుగురు కలిసి కొనుక్కోండి. మన జిల్లాల్లో చాలా మండలాల్లో ఫోటోగ్రాఫర్ల సంఘాలున్నాయి, ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం చేసుకుని ఫోటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన డాగ్యూర్ పటానికి దండ వేస్తాం. ఆ చందాలో కొంత పక్కన పెడితే సంఘానికొక మీటర్ వస్తుంది, తలా ఒక పూట తీసుకెళ్లి కొలుచుకుని తెచ్చిస్తే సరిపోతుంది. ఎన్ని కంప్యూటర్లలో వాడుకోనిస్తారనేది కంపెనీని బట్టి మారుతుంది, కొనే ముందు అడుగు. డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆర్గిల్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రామ్ మీద నడుస్తుంది, చాలా రకాల మీటర్లతో పనిచేస్తుంది. దాని పాత వెర్షన్ ఆగిపోయింది, ఇప్పుడు వేరేవాళ్లు పైథాన్ 3కి మార్చి నడుపుతున్నారు, అదే దించుకో. సెకండ్ హ్యాండ్ మీటర్ చవగ్గా వస్తోందని బాగా పాతది మాత్రం తీసుకోవద్దు, ఆ రోజుల్లో వచ్చినవాటి లోపలి రంగు ఫిల్టర్లు తేమకి వెలిసిపోతాయి, తప్పు కొలతలు ఇస్తాయి. మన డెల్టా గాలిలో తేమ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, లెన్సులకి ఫంగస్ పట్టించేది అదే. మీటర్‌ని కూడా లెన్సుల్లాగే సిలికా జెల్ వేసిన మూత గట్టి డబ్బాలో పెట్టాలి.

చీర సంగతికొద్దాం. ఆ పెళ్లి ఫోటోల ఫైల్ పేర్లు ఒకసారి చూడు. నికాన్, సోనీ అయితే డీఎస్‌సీ అనే అక్షరాల ముందు, కెనాన్ అయితే ఎంజీ ముందు అండర్‌స్కోర్ ఉందా? ఉంటే కెమెరా అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పరిధిలో ఉందని అర్థం, కెమెరాలు ఆ గుర్తు కోసమే పేరు ముందు ఆ గీత పెడతాయి. సాధారణంగా స్క్రీన్లు, ఫోన్లు, మన ల్యాబులు అనుకునే రంగుల పరిధి ఎస్ఆర్‌జీబీ. దాన్ని హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో పెట్టాయి. అడోబ్ ఆర్‌జీబీ 1998లో వచ్చింది, పచ్చల వైపు దాని పరిధి ఎక్కువ. ఎక్కువ అంటే మంచిదే కదా అని చాలామంది కెమెరాలో అదే పెట్టేస్తారు. ఇబ్బంది ఎక్కడంటే ఒకే రంగుకి రెండింట్లో అంకెలు వేరు.

నీ కనకాంబరం రంగునే తీసుకుందాం. ఎస్ఆర్‌జీబీలో ఎరుపు 255, ఆకుపచ్చ 120, నీలం 60 అనుకో, ఎండలో చూసిన పువ్వు రంగులా నిండుగా ఉంటుంది. అదే రంగుని అడోబ్ ఆర్‌జీబీలో రాస్తే సుమారు 226, 119, 66 అవుతుంది. రంగు మారలేదు, రాత మారింది. ఇప్పుడు ల్యాబ్ మెషిన్ ఫైల్లోని ప్రొఫైల్ చదవకుండా, వచ్చిన ప్రతి ఫైలూ ఎస్ఆర్‌జీబీయే అనుకుని 226, 119, 66 అనే అంకెల్ని అలాగే ప్రింటు కొడితే ఏమొస్తుంది? ఎరుపు తగ్గి, మెరుపు పోయి, మట్టి కొట్టుకున్న నారింజ వస్తుంది. నువ్వు ఇటుక రంగన్నావే, అది. నీ ఫోటోషాప్ ప్రొఫైల్ చదివింది కాబట్టి నీకు సరిగ్గానే కనిపించింది.

కెమెరాలో కలర్ స్పేస్ ఎస్ఆర్‌జీబీకి మార్చెయ్యి. రా ఫైళ్లు (కెమెరా రంగులు సర్దకుండా దాచే ఫైళ్లు) తీసేవాడివైతే ఆ సెట్టింగు వాటికి వర్తించదు, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎస్ఆర్‌జీబీ ఎంచుకోవాలి. ఫోటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్ ఎస్ఆర్‌జీబీ ఉండాలి. మానిటర్ ప్రొఫైల్‌ని అక్కడ పెట్టేవాళ్లున్నారు, అది పెద్ద పొరపాటు, మానిటర్ ప్రొఫైల్ చోటు విండోస్‌లోనే. పాత ఫైళ్లకి కన్వర్ట్ టు ప్రొఫైల్ వాడు, అసైన్ ప్రొఫైల్ వాడకు. కన్వర్ట్ అంటే రంగు ఉంచి అంకెలు మారుస్తుంది, అసైన్ అంటే అంకెలు ఉంచి రంగు మార్చేస్తుంది. జేపెగ్ సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్ ఎంబెడ్ టిక్ తప్పకుండా ఉండాలి.

ఫైల్ పేరు ముందు ఆ గీత లేకపోతే ఎరుపు ఛానల్ హిస్టోగ్రామ్ (ఏ వెలుగు ఎంత ఉందో చూపించే గ్రాఫు) చూడు. ఇంత నిండు రంగు చీర మీద ఫ్లాష్ గట్టిగా పడితే ఎరుపు 255 దగ్గర గోడకి గుద్దుకుని ఆగిపోతుంది, పట్టు మడతలన్నీ ఒకే ముద్దలా కనిపిస్తాయి. అప్పుడు ల్యాబ్‌లో ఆపరేటర్ డెన్సిటీ, అంటే ప్రింటు ముదురుతనం, పెంచితే ఆ ముద్ద ముదిరిపోతుంది. దీనికి మందు తీసేటప్పుడే, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి తీయడం.

మానిటర్‌ని పూర్తిగా నమ్మలేని ఈ కొద్ది రోజులూ అంకెల్ని నమ్ముకో. ఫోటోషాప్‌లో ఇన్ఫో ప్యానెల్ తెరిచి పెట్టుకుని మధుపర్కాల తెలుపు మీద కర్సర్ పెట్టు. మూడు అంకెలూ దగ్గర దగ్గరగా, 235 చుట్టుపక్కల ఉంటే వైట్ బ్యాలెన్స్ బాగున్నట్టు. అంచులకి పసుపు రాసి ఉంటుంది కాబట్టి మధ్యలో శుభ్రంగా ఉన్నచోటు చూడాలి, కొత్త బట్టకి నీలం కొద్దిగా ఎక్కువ రావడం సహజం. ముఖంలో ఎప్పుడూ ఎరుపు ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, అందరికంటే కింద నీలం ఉండాలి. మంగళస్నానం ఫోటోల్లో ముఖానికి పసుపు ఉంటుంది, నీలం బాగా పడిపోతుంది, దాన్ని సరిచేస్తానని నీలం కలిపితే పసుపు కాస్తా బూడిద పూసినట్టవుతుంది. అక్కడ వెనకాల నిలబడ్డ చుట్టాల ముఖాల్ని చూసి సరిచెయ్యి. స్టేజీ మీద ఊదా, నీలం ఎల్‌ఈడీ లైట్లు పడిన ఫోటోలు మాత్రం ఏం చేసినా కాగితం మీద స్క్రీన్ మీదున్నట్టు రావు, ఆ రంగులు కాగితం పరిధిలోనే లేవు. ఈ మాట పెళ్లివాళ్లకి ఆల్బమ్ ఇచ్చేటప్పుడు కాకుండా బుకింగ్ రోజునే చెప్పాలి.

ల్యాబ్‌తో కూడా ఒక పని ఉంది. ఫోన్ చేసి రెండు విషయాలడుగు. నువ్వు వేయించే పేపర్‌కి ఐసీసీ ప్రొఫైల్ ఇస్తారా అనేది ఒకటి. నీ ఫైళ్లకి ఆటో కరెక్షన్ గానీ ఆపరేటర్ కరెక్షన్ గానీ చేస్తున్నారా అనేది రెండోది. మినీల్యాబ్ మెషిన్లలో ఆపరేటర్ ఒక్కో ఫోటోకీ డెన్సిటీ, సియాన్, మెజెంటా, ఎల్లో పెంచి తగ్గించగలడు. నీ పక్క నువ్వు సరిచేసుకుంటూ అటుపక్క అతను రోజుకో రకంగా మారుస్తుంటే ఎప్పటికీ కలవదు. కరెక్షన్ లేకుండా కొట్టమని ఆర్డర్ మీద రాయించు.

ఆ తర్వాత 12x36 అంగుళాల షీటు ఒక్కటి టెస్ట్ ప్రింటు వేయించు. అందులో ఒక చామనఛాయ ముఖం, ఒక తెల్లటి ముఖం, ఆ కనకాంబరం చీర, మధుపర్కాలు, నల్లటి కోటు, చేలో గానీ గోదారి గట్టున గానీ తీసిన పచ్చటి ప్రీవెడ్డింగ్ ఫోటో ఒకటి పెట్టు. అడుగున నలుపు నుంచి తెలుపు దాకా బూడిద మెట్లు వరసగా పెట్టు, చీకటి వైపు 0, 10, 20, 30 విడివిడిగా, వెలుగు వైపు 235, 245, 255 విడివిడిగా. ప్రింటు వచ్చాక ట్యూబ్‌లైటు కింద చూడకు, పగటి వెలుతురు బాగా వచ్చే చోట, పచ్చదనం పడని వైపు చూడు. మెట్లలో ఎక్కడిదాకా విడిగా కనిపిస్తున్నాయో అదే నీ ల్యాబ్ హద్దు. 0, 10, 20 కలిసిపోయాయంటే నల్ల కోటు మడతలు 25కి పైన ఉంచితేనే కాగితం మీద కనబడతాయన్నమాట. ల్యాబ్ ప్రొఫైల్ ఇచ్చిందా, ఫోటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో దాన్ని ఎంచుకుని కంట్రోల్, వై నొక్కితే ప్రింటు ఎలా ఉండబోతోందో స్క్రీన్ మీదే చాలావరకు కనిపిస్తుంది. ఇవ్వలేదా, ఈ టెస్ట్ షీటే నీకు ప్రొఫైల్, టేబుల్ సొరుగులో ఎండ తగలకుండా దాచి ప్రతి ఆల్బమ్‌కి ముందు తీసి చూసుకో. మామూలు ఐపీఎస్ రకం స్క్రీన్‌లో నలుపుకీ తెలుపుకీ తేడా 1000కి 1 దాకా ఉంటుంది, ఫోటో పేపర్‌కి అందులో చిన్న వంతే. కాబట్టి ప్రింటు స్క్రీన్‌లా మెరవాలని ఆశపడకు, రంగులు, ముఖాలు కలిస్తే చాలు. అన్నీ కలిసి ఇంకా కొద్దిగా చీకటి అనిపిస్తే మీటర్ లక్ష్యం 100 నుంచి 90కి దించి మళ్లీ కొలువు.

కస్టమర్ల ఫోన్ల గురించి ఒక్క మాట. వాళ్ల ఫోన్లలో వివిడ్ మోడ్ ఉంటుంది, అందులో ప్రతి చీరా మెరుస్తుంది. ఆల్బమ్‌ని ఫోన్‌తో పోల్చి అడిగితే నీ టెస్ట్ షీటు చూపించి విడమరిచి చెప్పు. నీ ఫోన్‌లో డిస్‌ప్లే నేచురల్‌లో పెట్టుకో.

మరి కొత్త మానిటర్ ఎప్పుడు కొనాలి? నీ దగ్గరున్నది టీఎన్ ప్యానెల్ అనే చవక రకం తెర అయితే కొనాలి. ఎలా తెలుస్తుందంటే, ముఖం క్లోజప్ తెరిచి కుర్చీలోంచి కొంచెం లేచి, మళ్లీ కిందికి వంగి చూడు. తల కదిలినప్పుడల్లా ముఖం రంగు మారిపోతుంటే, కింద నుంచి చూస్తే నెగెటివ్‌లా కనిపిస్తుంటే అది టీఎన్, దాన్ని ఎన్నిసార్లు కొలిచినా ఉపయోగం తక్కువ. పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇవే. అప్పుడు 24 అంగుళాల ఐపీఎస్, ఎస్ఆర్‌జీబీ పరిధి 95 శాతానికి పైన కవర్ చేసేది తీసుకో, గేమింగ్ కోసం చేసిన వంపు తిరిగినవి వద్దు. ఆల్బమ్ పనికి వైడ్ గామట్ మానిటర్, అంటే ఎస్ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు చూపించేది, అవసరం లేదనేది నా గట్టి అభిప్రాయం. ల్యాబ్ తీసుకునేది ఎస్ఆర్‌జీబీయే, పైగా ప్రొఫైల్ చదవని సాఫ్ట్‌వేర్లలో వైడ్ గామట్ స్క్రీన్ రంగుల్ని ఎక్కువ చేసి చూపించి కొత్త తలనొప్పి పెడుతుంది. నలభై వేలల్లో మామూలు ఐపీఎస్ మానిటర్, మీటర్ రెండూ వచ్చేలా చూసుకోవచ్చు.

ఆ పెళ్లివాళ్ల ఆల్బమ్ విషయం వాయిదా వెయ్యకు. ఇవాళే ఆ చీర ఉన్న పీఎస్‌డీ ఒకటి తెరిచి కింద స్టేటస్ బార్‌లో డాక్యుమెంట్ ప్రొఫైల్ చూడు. అడోబ్ ఆర్‌జీబీ అని ఉంటే ల్యాబ్‌తో గొడవ పెట్టుకోవద్దు, ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ఏ4 కాగితంతో వెలుగు సరిచేసుకున్న స్క్రీన్ మీద ముఖాలు కొంచెం లేపి, ఒక్క షీటు టెస్ట్ కొట్టించు. అది బాగుంటే చీర కనిపించే షీట్లు మాత్రం మళ్లీ వేయించి బైండింగ్ మార్పించు, మొత్తం ఆల్బమ్ కొట్టించక్కర్లేదు. ఎస్ఆర్‌జీబీ అనే ఉండి, మీ ఫైళ్లకి కరెక్షన్ చేశామని ల్యాబ్ ఒప్పుకుంటే ఆ ఖర్చులో వాళ్ల వాటా అడగడం నీ హక్కు. పెళ్లివాళ్లింటికి కొత్త షీట్లు తీసుకెళ్లేటప్పుడు ఆ చీర కూడా బయటికి తీయమని అడిగి, వీధి అరుగు మీద పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూపించు.